ఆకాశంలో ఒకచోట ఉండటానికి ఇంధనం ఎందుకు? ఇంటెల్‌శాట్ 901 కథ

2019 డిసెంబరులో ఇంటెల్‌శాట్ 901 అనే సమాచార ఉపగ్రహాన్ని దాని యజమానులు పనిలోంచి తప్పించి, ఎవరికీ అడ్డం రాని ఎత్తైన కక్ష్యకు పంపేశారు. అప్పటికి దాని వయసు 18 ఏళ్లు. సౌర ఫలకాలు కరెంటు ఇస్తున్నాయి, కింది నుంచి వచ్చే సిగ్నళ్లను అందుకుని మళ్లీ కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లు పనిచేస్తున్నాయి. అయిపోవచ్చింది ఇంధనం ఒక్కటే. మామూలుగా అయితే అంతటితో దాని పని ముగిసినట్టే. కానీ రెండు నెలలు దాటాక, 2020 ఫిబ్రవరి 25న, ఇంకో వాహనం అక్కడికి వెళ్లి దాన్ని వెనక నుంచి పట్టుకుంది. ఏప్రిల్ 2న ఆ ఉపగ్రహం మళ్లీ డ్యూటీలో చేరింది. రెండు వాణిజ్య ఉపగ్రహాలు అంతరిక్షంలో ఒకదాన్నొకటి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఈ వార్త చదివినవాళ్లలో చాలామందికి ఒక అనుమానం వస్తుంది. భూమి చుట్టూ తిరగడానికి ఇంధనం అక్కర్లేదు కదా, చంద్రుడు ఏ ఇంధనంతో తిరుగుతున్నాడు? గాలి లేని చోట, ఎవరూ తాకని చోట ఉన్న యంత్రానికి ఇంధనంతో పనేమిటి? అడగాల్సిన ప్రశ్నే ఇది. ఈ ఉపగ్రహాల ఆయుష్షు, వాటి వ్యాపారం, వాటి చుట్టూ దేశాల మధ్య నడిచే పంచాయితీలు అన్నీ దీని జవాబులోంచే పుడతాయి.

భూమధ్యరేఖకు సరిగ్గా పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న వస్తువు భూమిని ఒకసారి చుట్టి రావడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికీ అంతే సమయం పడుతుంది. రోజంటే 24 గంటలు కదా అంటారేమో, అది సూర్యుణ్ణి బట్టి వేసే లెక్క. నక్షత్రాలను బట్టి చూస్తే దాదాపు నాలుగు నిమిషాలు తక్కువ. ఉపగ్రహం సెకనుకు మూడు కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతూనే ఉంటుంది. దాని కింద భూమి కూడా అదే లెక్కన తిరుగుతుంటుంది కాబట్టి, మనకు అది ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే దాన్ని భూస్థిర కక్ష్య అంటారు.

మన డాబాల మీది డిష్‌లన్నీ ఈ ఏర్పాటు మీదే బతుకుతున్నాయి. టాటా ప్లే ప్రసారాలు వచ్చే జీశాట్-24 ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖపట్నం ఉన్నది కూడా దాదాపు అదే రేఖాంశం మీద. కాబట్టి విశాఖలో ఆ డిష్ నేరుగా దక్షిణం వైపు చూస్తుంది, హైదరాబాదులో అయితే కాస్త తూర్పుకు మళ్లుతుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒకసారి సిగ్నల్ చూసుకుని నట్లు బిగించి వెళ్లిపోతే, గాలివానకు పక్కకు జరిగితే తప్ప మళ్లీ దాన్ని ముట్టుకోవాల్సిన పని ఉండదు. పైన ఉపగ్రహం కదిలిపోతే కింద లక్షల ఇళ్లలో డిష్‌లు తిప్పుకోవాలి. అది జరిగే పని కాదు కాబట్టి ఉపగ్రహమే కదలకుండా ఉండాలి.

చిక్కంతా అక్కడే ఉంది. దాన్ని కదిలించేవి మూడున్నాయి.

అన్నిటికంటే పెద్దది సూర్యచంద్రుల ఆకర్షణ. ఆ రెండూ భూమధ్యరేఖకు సరిగ్గా ఎదురుగా ఉండవు, కొన్నాళ్లు ఉత్తరంగా, కొన్నాళ్లు దక్షిణంగా కనిపిస్తుంటాయి. వాటి లాగుడుకు ఉపగ్రహ కక్ష్య ఏడాదికి ముప్పాతిక డిగ్రీ నుంచి దాదాపు ఒక డిగ్రీ దాకా వంగిపోతుంది. వంగిన కక్ష్యలో ఉన్న ఉపగ్రహం రోజూ భూమధ్యరేఖకు పైకీ కిందకీ ఊగుతుంది. నేల మీంచి చూసేవాళ్లకు అది ఆకాశంలో సన్నటి ఎనిమిది అంకె గీస్తున్నట్టు ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఇరవై ఆరేడేళ్లలో ఆ వంపు 15 డిగ్రీలకు చేరి, తర్వాత మళ్లీ తగ్గుతూ సుమారు 53 ఏళ్లకు మొదటికొస్తుంది. అంతకాలం ఆగే వ్యాపారం ఏదీ లేదు. రెండు మూడు డిగ్రీలు ఊగినా చాలు, బిగించిన డిష్‌కు రోజులో కొన్ని గంటలు సిగ్నల్ అందదు. ఇందులో ఒక విశేషం ఉంది. డిష్ ఎంత పెద్దదైతే దాని చూపు అంత సన్నగా ఉంటుంది. కాబట్టి ఉపగ్రహం ఊగితే ఇంటి మీది చిన్న గొడుగు కంటే ముందు కేబుల్ ఆపరేటర్ ఆఫీసు మీది పెద్ద డిష్‌కే ఇబ్బంది మొదలవుతుంది.

ఈ వంపును సరిదిద్దడానికి ఉపగ్రహం తన వేగాన్ని ఏడాదికి మొత్తం మీద సెకనుకు 50 మీటర్ల దాకా మార్చుకోవాలి. రెండున్నర టన్నుల ఉపగ్రహానికి మామూలు రసాయన ఇంధనంతో అయితే దీనికి ఏడాదికి నలభై, యాభై కిలోలు ఖర్చవుతుంది. ఉన్నచోట ఉండటానికి వాడే ఇంధనంలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ ఒక్క పనికే పోతుంది.

రెండోది తూర్పు పడమరల జరుగుడు. ఇది చిన్నదే కానీ తమాషాగా ఉంటుంది. భూమధ్యరేఖ అచ్చమైన వృత్తం కాదు, కోడిగుడ్డులా కొద్దిగా సాగి ఉంటుంది. దాంతో భూమి ఉపగ్రహాన్ని ఆ సాగిన ఉబ్బు వైపు మెల్లగా లాగుతుంది. ముందుకు లాగితే ఉపగ్రహం ముందుకు పోతుందని అనుకుంటాం. కక్ష్యలో అలా జరగదు. ముందుకు లాగినప్పుడు దానికి శక్తి చేరి కాస్త ఎత్తుకు పోతుంది. ఎత్తు పెరిగితే చుట్టు పెద్దదవుతుంది, వేగం తగ్గుతుంది, చివరికి అది వెనకబడుతుంది. ఈ తిరకాసు వల్ల భూస్థిర కక్ష్య మొత్తంలో నిలకడగా ఉండే చోట్లు రెండే తేలాయి. ఒకటి 105 డిగ్రీల పడమర రేఖాంశం దగ్గర ఉంది. రెండోది 75 డిగ్రీల తూర్పు, అంటే కన్యాకుమారికి దక్షిణంగా, మాల్దీవులకు కొంచెం తూర్పున ఉన్న హిందూ మహాసముద్రానికి నేరుగా పైన. దిక్కులేకుండా వదిలేసిన ఉపగ్రహం ఈ రెంటిలో ఏదో ఒకదాని చుట్టూ, మూకుడులో వదిలిన గోళీలాగా అటూ ఇటూ దొర్లుతూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పాతకాలపు చచ్చిన ఉపగ్రహాలు కొన్ని ఈ రెండు గుంటల్లో తిరుగుతున్నాయి. ఒకటి మన దక్షిణాన, దాదాపు మన నెత్తి మీదే ఉంది.

అదుపు తప్పితే ఏమవుతుందో 2010లో తెలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 5న గెలాక్సీ 15 అనే ఉపగ్రహం కింది నుంచి పంపే ఆదేశాలకు బదులివ్వడం మానేసింది. అది 133 డిగ్రీల పడమర స్థానం నుంచి తూర్పుకు జారడం మొదలుపెట్టింది. నోరు మూసుకుని జారినా బాగుండేది, దాని ట్రాన్స్‌పాండర్లు ఆన్‌లోనే ఉన్నాయి. దారిలో ఉన్న ఇతర ఉపగ్రహాల సిగ్నళ్లను అందుకుని మళ్లీ కిందికి పంపే ప్రమాదం ఏర్పడింది. అది వచ్చినప్పుడల్లా ఇరుగుపొరుగు కంపెనీలు తమ ఉపగ్రహాలను కాస్త పక్కకు జరుపుకుంటూ, సిగ్నళ్లు సర్దుకుంటూ నెలల తరబడి టెన్షన్ పడ్డాయి. చివరికి డిసెంబరులో బ్యాటరీ ఖాళీ అయి, దానంతట అదే రీసెట్ అయి మళ్లీ మాట వినింది.

మూడోది సూర్యకాంతి. కాంతికి కూడా చిన్న ఒత్తిడి ఉంటుంది. పెద్ద పెద్ద సౌర ఫలకాల మీద అది రోజంతా పడుతుంటే గుండ్రటి కక్ష్య కాస్త సాగుతుంది. దాన్నీ సరిచేస్తుండాలి.

ఇవన్నీ కలిపి, ఉపగ్రహాన్ని తన స్థానం నుంచి ఇటు 0.05 డిగ్రీ, అటు 0.05 డిగ్రీ దాటకుండా చూసుకోవడం కంట్రోల్ రూమ్ పని. అంటే దాదాపు 74 కిలోమీటర్ల వెడల్పున్న ఒక పెట్టె. మన ఉపగ్రహాలకు ఈ కాపలా కర్ణాటకలోని హాసన్‌లో, మధ్యప్రదేశ్‌లోని భోపాల్‌లో ఉన్న ఇస్రో కేంద్రాల నుంచి జరుగుతుంది. పండగలూ సెలవులూ లేకుండా, ఎవరి దృష్టికీ రాకుండా సాగే పని ఇది. మన టీవీలో బొమ్మ ఆగకుండా వస్తోందంటే ఆ ఉద్యోగులు లెక్క తప్పలేదని అర్థం. వాళ్ల గురించి మనం ఇంకొంచెం ఎక్కువ మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

ఇంధనం విలువ మనకు మొదట్లోనే గట్టిగా తెలిసింది. 1982 ఏప్రిల్‌లో అమెరికా నుంచి ప్రయోగించిన ఇన్‌శాట్-1ఏ మన దేశపు తొలి బహుళ ప్రయోజన ఉపగ్రహం. దాని యాంటెన్నా ఒకటి మొదట విచ్చుకోక మొరాయించింది, సూర్యకాంతి ఒత్తిడికి ఉపగ్రహం పక్కకు తిరిగిపోకుండా చూసే సౌర తెరచాప అసలు విచ్చుకోనే లేదు. ఉపగ్రహాన్ని తిన్నగా భూమి వైపు నిలబెట్టడానికి అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ ఇంధనం కాలిపోయింది. సెప్టెంబరులో ట్యాంకు ఖాళీ అయ్యేసరికి ఏళ్లపాటు పనిచేయాల్సిన ఉపగ్రహాన్ని ఆరు నెలలు తిరక్కుండానే వదులుకోవాల్సి వచ్చింది. దాన్ని తయారుచేసింది ఫోర్డ్ ఏరోస్పేస్. ఆ కంపెనీ తర్వాత చేతులు మారి స్పేస్ సిస్టమ్స్ లోరల్ అయింది. ఇంటెల్‌శాట్ 901ని కట్టింది కూడా ఆ లోరల్ కంపెనీయే.

ట్యాంకులో ఎంత మిగిలింది?

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇది. వందల కోట్లు పోసి కట్టిన ఉపగ్రహంలో ఇంధనం ఎంత మిగిలిందో కచ్చితంగా చెప్పే మీటరు ఉండదు. బరువన్నదే ఉండని చోట ద్రవం ట్యాంకు అడుగున నిలవదు, గోడలకు అంటుకుని ఉంటుంది. తేలే బిరడా పెట్టి మట్టం చూడటం కుదరదు. కాబట్టి ఇంజినీర్లు పద్దు రాసినట్టు లెక్క రాస్తారు. ఏ రోజు ఏ థ్రస్టర్ (ఉపగ్రహాన్ని జరిపే చిన్న ఇంజిన్) ఎన్ని సెకన్లు మండింది, సెకనుకు ఎంత కాలింది అని మొదటి రోజు నుంచి కూడుకుంటూ వస్తారు. ట్యాంకులోని పీడనం, ఉష్ణోగ్రత చూసి ఇంకోలా అంచనా కడతారు. ట్యాంకును కాస్త వేడి చేసి ఎంత త్వరగా వేడెక్కుతుందో కూడా చూస్తారు, ఇంధనం తక్కువుంటే త్వరగా వేడెక్కుతుంది. పదిహేనేళ్ల పాటు ప్రతి మంటలోనూ రవ్వంత తేడా చేరితే, చివరికొచ్చేసరికి లెక్క కొన్ని నెలల మేర అటూ ఇటూ అవుతుంది.

ఆ నెలలు మామూలు నెలలు కావు. ఆఖర్న ఉపగ్రహం తన చోటు ఖాళీ చేసి దాదాపు 300 కిలోమీటర్లు పైకి వెళ్లాలి. దాన్ని శ్మశాన కక్ష్య అంటున్నారు. ఆ కాస్త ఎత్తుకు వెళ్లడానికి ఉన్నచోట రెండు మూడు నెలలు ఉండటానికి సరిపోయే ఇంధనం కావాలి. ఇంకొన్నాళ్లు నడుపుదాం, సంపాదన వస్తోంది కదా అనుకుని ఆగితే, ట్యాంకు మధ్యలోనే ఆరిపోయి ఉపగ్రహం అందరి దారిలో శాశ్వతంగా ఉండిపోవచ్చు. ముందే తప్పిస్తే మంచి ఉపగ్రహాన్ని చేజేతులా పారేసుకున్నట్టే. ఆ నిర్ణయం తీసుకునేవాళ్ల ఇబ్బంది ఊహించుకోవచ్చు. 35 వేల కిలోమీటర్ల పైన గాలి లేదు కాబట్టి అక్కడి చెత్త తనంతట తాను కిందపడి కాలిపోదు. 2024 అక్టోబరు 19న 60 డిగ్రీల తూర్పు దగ్గర, అంటే మన ఆకాశంలోనే, ఇంటెల్‌శాట్ 33ఈ ముక్కలైపోయింది. ఆ ముక్కలు అక్కడే తిరుగుతుంటాయి.

కొందరు ఆఖరి ఏళ్లలో ఇంకో ఉపాయం చేస్తారు. ఉత్తర దక్షిణాల సవరణ మానేసి, తూర్పు పడమర మాత్రమే చూసుకుంటారు. ఇంధనం ఖర్చు ఒక్కసారిగా పడిపోతుంది. ఊగే ఉపగ్రహాన్ని వెంబడించగల యాంటెన్నాలున్న ఓడలకు, కొన్ని ప్రభుత్వ అవసరాలకు అది చాలు. ఇళ్లకు టీవీ ఇవ్వడానికి మాత్రం పనికిరాదు.

వెనక నుంచి వచ్చిన సాయం

ఇంటెల్‌శాట్ 1964లో చాలా దేశాల ప్రభుత్వాలు కలిసి పెట్టుకున్న సంస్థ. 1965లో అది పంపిన ఎర్లీ బర్డ్ ఉపగ్రహం 240 టెలిఫోన్ లైన్లతో అట్లాంటిక్ రెండు ఒడ్డులనూ కలిపింది. మన ఇన్‌శాట్-2ఈ ఉపగ్రహంలో కొన్ని ట్రాన్స్‌పాండర్లను కూడా 1999లో ఇంటెల్‌శాట్ అద్దెకు తీసుకుంది. 901 పుట్టిన తేదీ కూడా విశేషమే. 2001 జూన్ 9న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ 4 రాకెట్ మీద వెళ్లేటప్పుడు అది ప్రభుత్వాల సంస్థకు చెందినది. సరిగ్గా నెలన్నర లోపే, జులై 18న, ఇంటెల్‌శాట్ ప్రైవేటు కంపెనీగా మారింది. 13 ఏళ్లు పనిచేస్తే చాలనుకున్న ఆ ఉపగ్రహం 18 ఏళ్లు పనిచేసింది.

దాన్ని పట్టుకున్న వాహనం పేరు మిషన్ ఎక్స్‌టెన్షన్ వెహికల్-1, పొట్టిగా ఎంఈవీ-1. నార్త్‌రప్ గ్రమ్మన్ కంపెనీది. 2019 అక్టోబరు 9న బైకనూరు నుంచి ప్రోటాన్ రాకెట్ మీద బయలుదేరి, జినాన్ వాయువుతో నడిచే విద్యుత్ థ్రస్టర్లతో మూడు నెలలకు పైగా మెల్లగా పైకి ఎక్కింది. అదే రాకెట్‌లో పక్కన వెళ్లిన యూటెల్‌శాట్ 5 వెస్ట్ బీ ఉపగ్రహానికి రెండు సౌర ఫలకాల్లో ఒకటి పనిచేయలేదు. ఇంధనం ఒక్కటే సమస్య కాదని, ఎంఈవీ లాంటి వాహనం అన్ని జబ్బులకూ మందు కాదని అది గుర్తుచేస్తుంది.

901ని తయారుచేసిన రోజుల్లో ఎవరో వచ్చి పట్టుకుంటారని ఎవరూ అనుకోలేదు. దానికి కొక్కెం లేదు, గురుతు చుక్కలు లేవు, ఇంధనం నింపే మూత భూమి మీదే బిగించేశారు. మరి ఎక్కడ పట్టుకోవాలి? ఇంజినీర్లు వెతికిన చోటు నాకు చాలా నచ్చింది. రాకెట్ వదిలిపెట్టిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్య నుంచి భూస్థిర కక్ష్యకు చేరడానికి ఇలాంటి ఉపగ్రహాలకు సొంత పెద్ద ఇంజిన్ ఒకటుంటుంది. మొదటి కొద్ది రోజుల్లో మండాక మళ్లీ దానితో పనుండదు. దాని గొట్టం మాత్రం అన్నేళ్లూ వెనక వైపు తెరుచుకునే ఉంటుంది. ఎంఈవీ తన పొడవాటి కడ్డీని ఆ గొట్టంలోకి దూర్చి, సన్నటి గొంతు దాటాక లోపల విప్పార్చి, వెనక్కి లాగి బిగించుకుంది. ఒకప్పుడు రాకెట్‌కు ఉపగ్రహాన్ని బిగించిన వలయానికి తన కాళ్లు ఆన్చుకుంది. 80 మీటర్ల దగ్గర ఆగి, 20 మీటర్ల దగ్గర ఆగి, చూసుకుంటూ చేసిన పని అది. పొరపాటు జరిగితే నడుస్తున్న ఉపగ్రహాల మీద ముక్కలు పడకూడదని ఇదంతా శ్మశాన కక్ష్యలోనే కానిచ్చారు.

పట్టుకున్నాక ఎంఈవీ ఇంధనం నింపలేదు. చాలామంది ఇక్కడ పొరబడతారు. అది ఉపగ్రహాన్ని అంటిపెట్టుకునే ఉండి, జరపడం, తిన్నగా నిలబెట్టడం అనే రెండు పనులూ తనే చూసుకుంది. జంటగా కిందికి దిగి, 27.5 డిగ్రీల పడమర స్థానంలో నిలబడ్డాయి. 901 తన ట్రాన్స్‌పాండర్ల పని తను చేసుకుంది. ఈ ఐదేళ్ల సేవకు ఇంటెల్‌శాట్ ఏడాదికి దాదాపు 1.3 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అప్పట్లో చెప్పారు. కొత్త ఉపగ్రహం కట్టి, ప్రయోగించి, బీమా చేయాలంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ.

డబ్బుతో పాటు చోటు విలువ కూడా ఉంది. భూస్థిర కక్ష్య ఒకే ఒక్క వలయం. అందులో ఏ స్థానంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఎవరు వాడుకోవాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దగ్గర నమోదై ఉంటుంది. ఆ చోటును మరీ ఎక్కువ కాలం ఖాళీగా వదిలేస్తే హక్కు పోతుంది. ఇంకో ఉపగ్రహం సిద్ధమయ్యేదాకా పాతదే అక్కడ నిలబడగలిగితే కంపెనీకి పెద్ద ఊరట. టీవీ చూసే అలవాట్లు మారుతున్నాయి, స్టార్‌లింక్ లాంటివి తక్కువ ఎత్తులో వేలకొద్దీ ఉపగ్రహాలతో ఇంటర్నెట్ ఇస్తున్నాయి. భూస్థిర కక్ష్య దాకా సిగ్నల్ వెళ్లి రావడానికి పావు సెకను పడుతుంది, తక్కువ ఎత్తులో ఆ ఆలస్యం ఉండదు. ఇలాంటి సమయంలో పదిహేనేళ్లు నడవాల్సిన కొత్త ఉపగ్రహానికి ఇప్పుడే డబ్బు పెట్టాలా అని ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది. ఐదేళ్లు ఆగి చూసే వీలు దొరకడం చిన్న విషయం కాదు.

2021 ఏప్రిల్ 12న ఎంఈవీ-2 ఇంకో అడుగు ముందుకేసి, ఇంటెల్‌శాట్ 10-02ను శ్మశాన కక్ష్యకు తీసుకెళ్లకుండా, పనిచేస్తున్న చోటే పట్టుకుంది. 2022 జనవరిలో చైనా వాళ్ల షిజియన్-21 ఉపగ్రహం, చచ్చిపోయిన తమ బెయ్‌డూ (దారి చూపే) ఉపగ్రహాన్ని ఒకదాన్ని అక్కడి నుంచి లాక్కెళ్లి పైన వదిలేసింది. చెత్త తీసే పనికి ఇది మేలే. కానీ ఒకరి ఉపగ్రహాన్ని ఇంకొకరు పట్టుకుని లాక్కెళ్లగలరని తెలిశాక సైన్యాలు దీన్ని ఇంకో దృష్టితో చూడటం మొదలుపెట్టాయి. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. దేశాల మధ్య దీనికో ఒప్పందం త్వరగా కుదరాలి.

ఐదేళ్ల గడువు తీరాక, 2025 ఏప్రిల్‌లో, ఎంఈవీ-1 ఇంటెల్‌శాట్ 901ని మళ్లీ శ్మశాన కక్ష్యకు చేర్చి, విడిపోయి, తర్వాతి ఉపగ్రహం పనికి బయలుదేరింది. ఒకే వాహనం ఒకరి తర్వాత ఒకరికి సేవ చేయగలదన్న మాట రుజువైంది నిజంగా అప్పుడే. పాతవాటికి ఇలా వీపున ఎక్కడం సరే. ఇకమీదట కట్టే ఉపగ్రహాలకు ఇంధనం నింపుకునే మూతను, పట్టుకునే కొక్కేన్ని ముందే అమర్చి పంపడం అంతకంటే మంచి దారి అని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికాలో అలాంటి మూతలకు ఒక ప్రమాణం తేవాలని ప్రయత్నాలు సాగుతున్నాయి.

మన దేశం ఈ దారిలో రెండు మెట్లు ఎక్కింది. 2017 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-9లో జినాన్ థ్రస్టర్లను ప్రయత్నించి చూశారు. వాటితో అదే పనికి ఇంధనం చాలా తక్కువ పడుతుంది. 2024 డిసెంబరు 30న అక్కడి నుంచే వెళ్లిన స్పేడెక్స్ అనే ఇస్రో ప్రయోగంలోని జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, మార్చి 13న విడిపోయాయి. అవి ఒక్కొక్కటి 220 కిలోల బరువున్నవి, 470 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నవి, పైగా ఒకదాన్నొకటి పట్టుకోవడానికే తయారైనవి. 35,786 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, పట్టుకోవడానికి ఏమీ లేని పాత జీశాట్ వెనక నిలబడి, దాని ఇంజిన్ గొట్టంలోకి కడ్డీ దూర్చడం ఇంకా చేయని పని.